చచ్చిన యోధురాలు, లేచిన వ్యాపారి

కొత్త ఫోమ్ షీట్ల పెట్టె విప్పితే జిగురు వాసన గుప్పుమంటుంది. ప్యాకింగ్ సెక్షన్‌లో అందరూ ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం ఒక్క క్షణం ఆగి పీల్చుకుంటాను. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఈ షిఫ్ట్‌కు ఇన్‌చార్జిని నేను. వెనక నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. ఆదివారాలు మేం పట్టుకునే కత్తులన్నీ ఆ ఫోమ్‌తో చేసినవే. మొదట చేయించింది విజయక్క.

నాకంటే ముందు ఈ కుర్చీలో ఉన్న మనిషి ఆమె. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ వైపు రైతు కుటుంబం. వారమంతా షిఫ్ట్ నడిపి, ఆదివారం కోత అయిపోయిన తన చెలకలో మా చేత యుద్ధాలు చేయించేది. రెండు రాజ్యాలు, మంత్రగాళ్లు, యోధులు, వైద్యులు. పాత మోటరు గది కోట. ఎక్కడో వీడియోలో చూసి మొదలుపెట్టిందట. ఎవరైనా వేళాకోళం చేస్తే, "పెద్దోళ్లు ఆడుకోవద్దని ఏ చట్టంల ఉంది?" అనేది. ఆటలో చేరేవాళ్లు ముందు తమ పాత్ర ఎంచుకోవాలి. దానికి ఆమె దగ్గర ఒకటే ప్రశ్న ఉండేది.

"లైన్ బంద్ పడ్డదనుకో. నీ చెయ్యి ముందు ఎటు పోతది?"

స్విచ్ మీదికి పోతే యోధుడు. పక్కవాళ్లకు దెబ్బ తగిలిందేమోనని పోతే వైద్యుడు. చేతులు కట్టుకుని ఆలోచించేవాడు మంత్రగాడు. నేను తడుముకోకుండా "స్విచ్ మీదికి" అన్నాను. నిజానికి నా చెయ్యి ఎటూ పోదు, నోరు పోతుంది. ఏమైంది, ఎవరికేం కావాలి అని అందరినీ అడుగుతాను. కానీ అక్క జిన్నారం యూనిట్‌కు వెళ్లిపోతోందని, తన కుర్చీకి ఎవరి పేరు చెబుతుందోనని అప్పటికే గుసగుసలు. ఆ కుర్చీ నాకు కావాలి. సంగారెడ్డిలో మా ధాన్యం దుకాణంలో కూర్చోనని ఇంట్లో పోట్లాడి వచ్చినదాన్ని, వెనక్కి పోవడం నా వల్ల కాదు. ఇన్‌చార్జి అంటే పెద్ద గొంతు, చేతిలో కత్తి అనుకున్నాను.

ఆ ఆదివారం ఎదుటి రాజ్యం వాళ్లు మా వైద్యురాలిని పట్టుకుపోయి మోటరు గదిలో పెట్టారు. గుమ్మంలో మెయింటెనెన్స్ ఫిట్టర్ మల్లేశన్న, తలుపంత మనిషి, కత్తి పట్టుకుని నిలబడ్డాడు. వెనక నుంచి మావాళ్లు "కొట్టు, కొట్టు" అంటున్నారు. నేనేం చేశానో తెలుసా? కత్తి కింద పెట్టి, మా రాజ్యం గుర్తుగా భుజం మీద వేసుకున్న ఎర్ర కండువా తీసి కుడిచేతి మీద కప్పి, ఆ చేతిని ఆయన ముందుకు చాచాను.

వారపు అంగడిలో మా తాత బేరం అలాగే చేసేవాడు. చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకుండా బట్ట కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవారు. మల్లేశన్న కూడా తండ్రి వెంట ఎడ్ల అంగడి తిరిగినవాడే. ఆలోచించకుండా కత్తి చంకలో పెట్టుకుని చెయ్యి కండువా కిందికి దూర్చాడు. వైద్యురాలికి బదులు మా ఫోమ్ డాళ్లు ఎన్ని ఇవ్వాలి? నేను ఆయన వేలొకటి పట్టుకున్నాను. ఆయన నా నాలుగు వేళ్లూ పట్టుకున్నాడు. పెదవి విరిచాను. రెండింటికి తెగింది. కండువా తీసేసరికి రెండు సైన్యాలూ యుద్ధం మానేసి నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నాయి. ఆ తర్వాత ఒకటే నవ్వులు.

"అరే, కత్తి కింద పెడితే సచ్చినట్టే కదా!" అని ఎవరో అరిచారు. నియమం అదే. చచ్చినవాళ్లు వేరే పాత్రగా లేవాలన్నదీ నియమమే. చెలకలో వెల్లకిలా పడుకున్నాను. కుర్చీ పోయిందనుకుంటే ఏడుపొచ్చింది. అక్క వచ్చి నా తల దగ్గర కూర్చుంది.

"యోధురాలు సచ్చిపోయింది. ఇగ లే శిరీషా. వ్యాపారివై లే."

"దుకాణం వద్దనే కదక్కా నేను ఫ్యాక్టరీకి వచ్చింది?"

"దుకాణం ఇడిసిపెట్టినవ్, మంచిదే. ఆ నోరు, ఆ ఓపిక ఎందుకు ఇడిసిపెడుతున్నవ్? అవి దుకాణానియా, నీయా?"

లేచి మట్టి దులుపుకున్నాను. వ్యాపారికి శత్రువులుండరు కాబట్టి, ఆ సాయంత్రం రెండు రాజ్యాల గుమ్మాలూ నాకు తెరుచుకున్నాయి.

ఎండలు ముదిరాక ఒకరోజు ప్యాకింగ్ ఆడవాళ్లకూ, బీహార్ నుంచి వచ్చిన లోడింగ్ వాళ్లకూ పెద్ద ఫ్యాన్ దగ్గర తగువొచ్చి పని ఆగింది. బయట లారీ నిలబడి ఉంది. అక్క నా వైపు చూసింది. ఫ్యాక్టరీలో ఆమె మేడమే కాబట్టి, "నాకు అరుసుడు రాదు మేడం" అన్నాను.

"అరవమన్ననా? పో, బేరమాడు."

వెళ్లి రెండు వైపుల వాళ్లనూ విడివిడిగా అడిగాను. లోడింగ్ వాళ్ల పెద్ద చెమట తుడుచుకుంటూ, "ఛావ్ మిలే తో పంఖా ఉన్హీకో దేదో, దీదీ" అన్నాడు. నీడ దొరికితే ఫ్యాన్ అక్కర్లేదట! లారీని నీడ ఉన్న వెనక గేటుకు తిప్పించి, ఫ్యాన్ ఆడవాళ్లకే ఉంచాను. ఎవరూ ఓడిపోలేదు. తర్వాతి వారం అక్క ఆఫీసులో నా పేరు చెప్పింది.

ఆమె వెళ్లేరోజు అడిగాను. "అందరికీ పాత్రలిచ్చినవ్. నీదేందక్కా?"

"ఏ మనిషి దేనికి పనికొస్తడో సూసేటోళ్లు ఒకరుండాలె గదా. గదే నాది" అని నవ్వింది.

ఇవాళ పెట్టె విప్పుతున్నప్పుడు కొత్తగా చేరిన అనిత పక్కనే ఉంది. గట్టిగా మాట్లాడడం రాదని వచ్చినప్పటి నుంచీ బెంగ పెట్టుకున్న పిల్ల. నా నోటి వెంట ఆ ప్రశ్న దానంతటదే వచ్చేసింది. "లైన్ బంద్ పడితే నీ చెయ్యి ముందు ఎటు పోతది?"

"స్విచ్ మీదికి మేడం" అంది తడుముకోకుండా.

ఆమె చేతుల వైపు చూశాను. పక్కమ్మాయి కత్తెరతో పెట్టె కోస్తుంటే, పెట్టెకు చుట్టిన రేకు పట్టీ తెగి ఆ అమ్మాయికి గీరుకోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి ఉంచింది. అలా పెట్టినట్టు తనకే తెలియదు. విజయక్క గుర్తొచ్చింది.

"ఆదివారం ఖాళీయేనా?" అని అడిగాను.