ఉప్పునీళ్ల ట్యాంకూ, మా జువాలజీ మాస్టారూ

మా జువాలజీ మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నా కుడిచెయ్యి మోచేతిదాకా ఉప్పునీళ్లలో ఉంది. మా ఆవిడ ఫోను తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది. బందరు నుంచి ఆయన అబ్బాయి. "పొద్దున కాఫీ తాగి, పేపరు చూస్తూ అలాగే ఒరిగిపోయారండీ" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. నామీద నాకే ఒళ్లుమండింది. ఆయనతో మాట్లాడి రెండు నెలలయింది. ఫోను చెయ్యాల్సింది నేను.

నాకు గుడివాడలో మందుల షాపు ఉంది. డిగ్రీ ఆయన దగ్గరే చదివాను. నాలుగేళ్ల కిందట ముచ్చటపడి ఇంట్లో సముద్రపు ట్యాంకు పెట్టాను. ఇసుక, రాళ్లు, రాళ్లమీద బతికున్న పగడాలు, ఆరు చేపలు. కొన్నాళ్లు చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ తర్వాత, రాళ్లలో దాక్కుని పిలవని పేరంటానికి వచ్చినవి ఒక్కొక్కటే బయటపడ్డాయి.

మొదటిది గోధుమరంగు గొట్టంలాంటి జీవి. కొసన సన్నటి చేతులు, పగడాన్ని తాకితే మాడ్చేస్తాయి. బ్లేడుతో గీకేశాను. నెల తిరక్కుండా ఒకటి కాస్తా ఇరవై అయ్యాయి. దిక్కుతోచక మాస్టారికి ఫోటో పంపాను. జవాబు రాలేదు. మర్నాడు ఆయనే బస్సెక్కి వచ్చేశారు, చొక్కా జేబులో భూతద్దంతో.

"ఐప్టేసియా రా ఇది. తెగిన ప్రతి ముక్కా ఇంకోటవుతుంది. పేరు తెలియకుండా చెయ్యి చేసుకోబట్టే నీకీ తిప్పలు" అన్నారు.

లాబ్‌లో వాడే శుభ్రమైన సున్నం చిక్కగా కలిపి, ట్యాంకులో నీళ్లు తిప్పే మోటార్లు ఆపి, సిరంజితో దాని నోట్లో ఒక్క చుక్క పెట్టి చూపించారు. అది ముడుచుకుపోయింది. "రోజుకి మూడో నాలుగో. అంతకుమించి వద్దు" అన్నారు. నాకంత ఓపిక ఎక్కడిది? ఆదివారం కూర్చుని అన్నిటికీ పెట్టేశాను. నీళ్లలో క్షారం పెరిగిపోయి సాయంత్రానికి రెండు చేపలు తేలాయి. తిడతారనుకుంటూ ఫోను చేస్తే, "ఏ చేపలు పోయాయి రా?" అని మాత్రం అడిగారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత నత్తలు చచ్చిపోవడం మొదలైంది. ఓ చచ్చిన నత్త పక్కన ఒళ్లంతా తెల్లని నూగుతో జెర్రిలాంటి పురుగు కనిపించింది. ఇదే దొంగ అనుకుని చేత్తో పట్టి లాగాను. నూగంతా వేళ్లలో దిగింది. మాస్టారు వచ్చి, ప్లాస్టరు ముక్క అంటించి పీకుతూ, "శవం దగ్గర దొరికినవాడల్లా హంతకుడు కాదు రా. అది పాకీపని చేసే పురుగు, ఉండనీ" అన్నారు. రొయ్యముక్క వేసిన గాజుగ్లాసును రాయికి ఏటవాలుగా ఆనించి వెళ్లారు. మూడోరోజు పొద్దున గ్లాసులో నల్లటి డెక్కలతో ఓ బొచ్చుపీత, నున్నటి గాజు ఎక్కలేక గిలగిల్లాడుతోంది. దాన్ని తీసేశాక నత్తల చావులు ఆగిపోయాయి. ఆయన మాట నిజమైన ప్రతిసారీ నాకు సంతోషం కంటే చిరాకే ఎక్కువ కలిగేదంటే మీరు నమ్మాలి.

చివరి గొడవ ఓ కొమ్మల పగడం గురించి. చెన్నై నుంచి తెప్పించాను, బోలెడు ఆశతో. నెలకల్లా దానిమీద తెల్లటి కొరుకుడు మచ్చలు. మాస్టారికి ఫోను చేశాను.

"మందునీళ్లలో ముంచావా?"

"ముంచాను మాస్టారూ."

"దాన్ని తినే పురుగులు చస్తాయి గానీ, వాటి గుడ్లు చావవు. విడిగా పెట్టి వారం వారం చూడమన్నానా లేదా?"

షాపులో ఆ రోజంతా నిలబడి నిలబడి విసిగి ఉన్నాను. నోరు జారింది. "మీకేం మాస్టారూ, సీసాల్లో చచ్చినవి చూపించి పాఠాలు చెప్పారు. బతికున్నవాటితో వేగేది నేను!"

ఆయన "సరేలే నాయనా" అని ఫోను పెట్టేశారు.

ఆ తర్వాత నేను చెయ్యలేదు. ఆయనా చెయ్యలేదు. కానీ పోవడానికి రెండు వారాల ముందు, నేను షాపులో ఉండగా, మిట్టమధ్యాహ్నం మా ఇంటికి వచ్చారు. ఆ రోజు బస్సులో గుడివాడదాకా నిలబడే వచ్చారట. ఆ నిలబడి వచ్చిన సంగతి మాస్టారి భార్య చెప్తేగానీ నాకు తెలియదు, అదీ పదోరోజున బందరు వెళ్లినప్పుడు.

"మిమ్మల్ని పిలుస్తానంటే వద్దన్నారండీ" అంది మా ఆవిడ, ఆయన వచ్చిన రోజు సాయంత్రం నేను షాపు నుంచి రాగానే. "ఆ పగడాన్ని ట్యాంకు నీళ్లతోనే గిన్నెలోకి తీసి, అడుగున ఏవో గుడ్లున్నాయని పాత బ్రష్షుతో గంటసేపు గీకారు. మళ్లీ పెట్టేసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. మజ్జిగిస్తే తాగి వెళ్లిపోయారు."

"అడక్కుండా చెయ్యి పెట్టడమేంటి?" అన్నాను. అన్నది నేనే.

ఇప్పుడా పగడం కొరికిన చోటల్లా కొత్త చిగుళ్లు వేస్తోంది. ఎవరికి ఫోటో పంపను?

ఆయన వచ్చి వెళ్లిన ఆ సాయంత్రం నేను ట్యాంకు దగ్గరికి వెళ్తే, గాజుమీద ఆయన నుదురు ఆనించిన చోట చెమట మరక గుండ్రంగా ఆరిపోయి ఉంది. కింద ముక్కు తగిలిన గుర్తు, చిన్నది. విసుక్కుంటూ గుడ్డ తెచ్చి శుభ్రంగా తుడిచేశాను.