జ్వరం తగ్గాక చేయించిన పరీక్ష

మా పటాన్‌చెరు గల్లీలో వానాకాలం వచ్చిందంటే ఇంటికొకరికి టైఫాయిడ్. ఒళ్లు వెచ్చబడిన మరునాడే మూలమీది ల్యాబ్‌లో రక్తం ఇచ్చి, ఆ కాగితం పట్టుకుని ఆర్‌ఎంపీ డాక్టర్ ముందు కూర్చోవడం మావాళ్లకు అలవాటు. దాన్నయినా ఓర్చుకుంటాను. జ్వరం తగ్గి మనిషి లేచి తిరుగుతున్నాక, టైఫాయిడ్ పోయిందో లేదో చూడాలని మళ్లీ అదే పరీక్ష చేయిస్తారే, అదీ నా ప్రాణం తీసేది.

మొన్నటి వానల్లో మా అమ్మాయికి జ్వరం వచ్చింది. మందులు వాడాం, తగ్గింది. పిల్ల అడిగి మరీ అన్నం తింటోంది, ఫోన్లో పాటలు పెట్టుకుని ఇల్లు ఊడుస్తోంది. డిప్లొమా అయ్యాక సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు తయారుచేసే కంపెనీలో దానికి మొదటి ఉద్యోగం దొరికింది. వచ్చే సోమవారం చేరాలి.

సరిగ్గా అప్పుడే మా ఆయన దాన్ని ల్యాబ్‌కు తీసుకుపోయాడు. ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి, కాసేపు పడుకోకుండా! కాగితంలో పాజిటివ్ అని వచ్చింది. ఇంకేముంది, గల్లీ డాక్టర్ మళ్లీ సూదులు మొదలుపెట్టాడు, అన్నం మాన్పించాడు. కిటికీ చువ్వకు సెలైన్ సీసా వేలాడింది.

నేను ఊరుకోలేక పిల్లను సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ నాలుక చూసింది, పొట్ట నొక్కి చూసింది.

"ఒకసారి జ్వరం వచ్చి పోతే దాని గుర్తు రక్తంలో నెలల తరబడి ఉంటుందమ్మా. తగ్గిందా లేదా అన్నది ఈ పరీక్ష చెప్పదు. అది టైఫాయిడో కాదో తేల్చాలంటే మొదట్లోనే, మందులు వేయకముందే రక్తం కల్చర్‌కు పంపాల్సింది. ఇప్పుడు పిల్ల బాగుంది, ఉద్యోగానికి పంపండి" అంది.

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను.

"పొట్ట నొక్కి చూస్తె తెలుస్తదా? కాగితం అబద్ధం చెప్తదా?" అన్నాడు మా ఆయన.

ఆయన భయం నాకు తెలియనిది కాదు. చిన్నప్పుడు వాళ్ల ఊరు లక్డారంలో ఆయన చెల్లెలు ఈ జ్వరంతోనే చనిపోయింది. తగ్గిందనుకుని అన్నం పెట్టాక తిరగబెట్టిందట. ఆ మాట ఎత్తితే నేను నోరు మూసుకుంటాను. కానీ ఎన్నాళ్లని మూసుకోవాలి?

చివరికి నేనే పోయి ల్యాబ్‌లో రక్తం ఇచ్చాను. నాకు జలుబు కూడా లేదు. అయినా పాజిటివ్! సంబరంగా తెచ్చి ఆయన ముందు పడేశాను.

"సూడు. నాకేమన్న జ్వరమున్నదా? పొద్దుగాల సంది ఇంటి పనంత చేస్తనే ఉన్న. మరి గిదేంది?"

ఆయన ముఖం పాలిపోయింది.

"నీకు గూడ అంటిందా! ఇగ నువ్వు పొయ్యి కాడికి రాకు. పిల్లకు గంజి నేనే కాస్త."

గోడకేసి తల బాదుకోవాలనిపించింది. ఆయన్ను ఒప్పిద్దామని పోతే నాకే వంటిల్లు బంద్ అయింది. సాయంత్రం గల్లీ డాక్టర్ నాకు కూడా సూది వేయడానికి సంచీ పట్టుకుని వచ్చాడు. గేటు దగ్గరే నాలుగు మాటలని తిప్పి పంపాను.

ఆయన గడప దాటనివ్వలేదు, సోమవారం కంపెనీ బస్సు మా పిల్ల లేకుండానే పోయింది. మధ్యాహ్నం వాళ్ల ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అమ్మాయి స్పీకర్ పెట్టింది.

"ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"జ్వరమేం లేదు సార్. మంచిగనే ఉన్న."

"మరి ఎందుకు రాలేదు?"

పిల్ల వాళ్ల నాన్న వైపు చూసింది. ఆయన కొత్త సెలైన్ సీసా కడుతూ ఇటు తిరగలేదు. ఆ పోస్టులోకి ఇంకో అమ్మాయిని తీసుకున్నామని చెప్పి అవతలివాళ్లు ఫోన్ పెట్టేశారు.

"పోనీ బిడ్డా, నౌకరీలు మస్తు దొరుకుతయ్. ముందుగాల పాణం మంచిగ గావాలె" అన్నాడు మా ఆయన. ఆ గొంతులో ఉన్నది ప్రేమే. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

ఇన్నాళ్లూ సూది అనగానే చెయ్యి వెనక్కి లాక్కుని గొడవపడిన పిల్ల, ఆయన సీసా కట్టడం పూర్తయ్యేసరికి తనే చెయ్యి చాపింది.