మోచేతి తొడుగు

ఆ వర్క్‌షాపులో ఆమెను అందరూ కుట్టక్క అనేవారు. ఇరవయ్యేళ్లు గొడుగులు కుట్టిన చెయ్యి ఆమెది. అంతరిక్షంలో పాడైపోయి తిరుగుతున్న ఉపగ్రహాలను పట్టుకుని, కోసి, ఆ లోహాన్ని మళ్లీ వాడుకోవడానికి అక్కడొక రోబో తయారవుతోంది. ఎండకూ చలికీ తట్టుకునేలా దాని చేతులకు వెండిరంగు గుడ్డ తొడగాలి. ఆ తొడుగులు కుట్టేది ఆమె ఒక్కతే.

“ఆకాశానికి జాకెట్లు కుడుతున్నావటగా! కొలతలెవరిచ్చారక్కా?” అని తోటికోడలు ఆటపట్టిస్తే, పైకి విసుక్కున్నా లోపల మురిసిపోయేది.

మోచేతి తొడుగు వేసి చూసిన రోజే ఆమె మనసు కీడు శంకించింది. చెయ్యి మడిచినప్పుడల్లా కుట్టు పీక్కుపోతోంది.

“బిగుతైంది బాబూ. ఇంకో రెండు వేళ్ల గుడ్డ వదులుతాను” అంది ఇంజినీరుతో.

“బరువు పెరుగుతుందక్కా. ఇలాగే కానిచ్చెయ్.”

చదువుకున్నవాడు, తనకన్నా బాగా తెలీదా అని ఊరుకుంది.

రోబో పైకెళ్లిన నాలుగో నెలలో మొదటి ఉపగ్రహం దగ్గరికి చేరింది. అందరూ తెర ముందు గుమిగూడారు. రోబో చెయ్యి చాచింది. మడవబోయింది. కుట్టు పిగిలి, చిరిగిన గుడ్డ కీలులో ఇరుక్కుంది. చెయ్యి సగంలో బిగుసుకుపోయింది. ఆ ఊపులో రోబో వెళ్లి ఉపగ్రహాన్ని గుద్దేసింది. రెండూ తునాతునకలయ్యాయి. ఆమె పమిట నోటికి అడ్డుపెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. ‘తొడుగు కుట్టు ఊడినందువల్ల ప్రమాదం.’ అంతే.

ఆమె ఇంజినీరు బల్ల దగ్గరికెళ్లింది.

“నేను చెప్పాను కదా బాబూ?”

అతను తలెత్తలేదు. “నీ పేరు రాయలేదక్కా.”

“పేరెందుకు? కుట్టేది నేనొక్కదాన్నేగా.”

అతను కాగితాలు సర్దుకోసాగాడు. ఆమే మళ్లీ అడిగింది: “మరి ఆ ముక్కల్ని ఎవరు తీస్తారు?”

“నాలుగు వందల పైనే ఉన్నాయి. ఇంకో రోబోకి ఎవరూ ఒప్పుకోవట్లేదు. మన కాలంలో జరగదక్కా.”

వర్క్‌షాపు మూతపడింది. ఇంట్లో భర్త ఎంత నచ్చజెప్పినా ఆమెకు ముద్ద దిగేది కాదు. “ఇంకోసారి గట్టిగా చెప్పుంటే...” అని తనలో తనే గొణుక్కునేది.

చాలా రోజులకు ఒక ఆసుపత్రిలో దిండు గలీబులు కుట్టే పని దొరికింది.

“ఇంతకుముందు ఎక్కడ చేశావమ్మా?” అని అడిగింది అక్కడి పెద్దావిడ.

“ఎక్కడా లేదండీ. ఇంట్లోనే ఉన్నాను” అని మిషన్ ముందు కూర్చుంది.