ఊరికి చేర్చే బండి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను సూరత్‌లో, బమ్రోలి దగ్గరి ఒక నేత కార్ఖానాకు కార్మిక సంక్షేమ అధికారిగా వేశారు. హోదా పేరు ఘనమే. క్యాంటీన్, మందుల గది, మంచినీళ్లు చూసుకోవడం నా పని. ఖర్చుకు సంతకం పెట్టేది మాత్రం మేనేజర్.

అక్కడ ఒక పాత ఆనవాయితీ ఉండేది. పనిలో ఉన్న మనిషి చనిపోతే కంపెనీ బండి శవాన్ని సొంతూరికి చేర్చేది. వెంట ఇద్దరు తోటివాళ్లు వెళ్లేవారు, వాళ్లకు కూలి కోత లేదు. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేతగాళ్లు ఎక్కువ కూలి ఇస్తామన్న చోటికి కూడా కదలకపోవడానికి కారణం ఈ బండే. ఆ ఏడాది పక్కనున్న ఖాడీ వాగు పొంగి షెడ్డులోకి నీళ్లొస్తే, సెలవులో ఉన్నవాళ్లు కూడా పిలవకుండానే వచ్చి మోటార్లు విప్పి పైకెక్కించారు.

తర్వాత యాజమాన్యం మారింది. ఖర్చు తగ్గింపు పేరుతో బండి ఎత్తేసి, అదే నెలలో కార్మికుల ఆరోగ్యం కోసమంటూ యోగా శిబిరం పెట్టి ఫొటోలు తీయించుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వేసవిలో నర్సయ్య అనే నేతగాడు తను నడిపే సాంచా మగ్గం ముందే కుప్పకూలాడు. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. భార్య ఊళ్లో ఉంది. ఆమె తమ్ముడు మల్లేశం కూడా మా దగ్గరే పని. ఏడుస్తూ నా గదికొచ్చాడు.

"సార్, జర జల్ది బండి పెట్టియ్యుండ్రి. ఒక్కపారి మొఖం జూపియ్యుమని అక్క మొత్తుకుంటుంది."

మేనేజర్‌ను బతిమాలాను, చివరికి అరిచాను. ఇక్కడే దహనం చేయిస్తే ఆ ఖర్చు కంపెనీదే అన్నారాయన. ఇప్పుడు బండి ఇస్తే ప్రతిసారీ అడుగుతారట! బయటి బండి కిరాయి మా ఎవరి తరమూ కాలేదు. ఆ ఎండలకు శవం ఆగేలా లేదు. తాపీ నది ఒడ్డునే దహనం చేశాం. ఆ ఇల్లాలు భర్త ముఖాన్ని ఆఖరిసారి ఫోన్‌లో చూసింది.

సమ్మె జరగలేదు. మరునాడు అందరూ పనిలోకి వచ్చారు. మర్చిపోయారని మేనేజర్ అనుకున్నారు. దీపావళికి ఊరెళ్లినవాళ్లలో చాలామంది మాత్రం తిరిగి మా గేటు దాటి రాలేదు.

మల్లేశం తక్కువ కూలికి వేరే కార్ఖానాలో చేరాడని తెలిసి, సూరత్‌లోనే గోడాదరాలో ఉన్న అతని గదికి వెళ్లాను. అక్కడ బండి ఇస్తారా అని అడిగాను.

"ఏడిది సార్? ఆడ గూడ లేదు. గని ఉన్నదని ఎవ్వలూ ఆశ వెట్టలే."

మళ్లీ రమ్మని అడుగుదామని వెళ్లినవాణ్ని, అడగకుండానే తిరిగొచ్చాను. కంపెనీ ఒక భరోసా ఇచ్చి వెనక్కి తీసుకుంటే, అసలు ఏమీ ఇవ్వని చోటే కార్మికుడికి నయమనిపిస్తుంది. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే.