అమ్మ కుట్టిన సంచులు

మా ఊరి బంగారు గనులు మూతబడినాక మా కిరాణా అంగడికి బేరమంతా సాయంత్రం బెంగళూరు రైలు దిగి వచ్చే ఉద్యోగస్తులదే. ఒక వేసవిలో, గని మట్టిదిబ్బల పక్కన మేసే మా ఆవు కడుపుబ్బి చచ్చిపోయింది. పశువుల డాక్టరు కోసి చూస్తే లోపల ముద్దలు ముద్దలుగా ప్లాస్టిక్ కవర్లు. వాటిలో మా అంగడివీ ఉన్నాయి. అమ్మ దాని మెడ పట్టుకుని కూర్చుండిపోయింది. వీధంతా చేరి కండ్లనీళ్లు పెట్టుకునింది. "ఇంగ ఈ పాపం మనకొద్దప్పా, సంచులు తెచ్చుకుంటాం" అని అందరూ నాయనతో అన్నారు. నాయన ఆ పొద్దే అంగట్లో కవర్లివ్వడం ఆపేసినాడు.

అమ్మ తన పాత చీరలు చించి సంచులు కుట్టి, వచ్చినోళ్లకంతా ఊరికే ఇచ్చింది. అందరూ మెచ్చుకుని తీసుకుపోయినారు.

మరుసటి వారం నుంచే చేతులూపుకుంటా వచ్చినారు. ఆవు కోసం వెక్కివెక్కి ఏడ్చిన టీచరమ్మ కూడా, "సంచి ఇంట్లోనే ఉండాదప్పా. పొద్దున రైలుకు పరిగెత్తే తొందరలో మరిచిపోయినాను. ఈ పొద్దుకు కవర్లో ఇచ్చేయి" అనింది. నాయన కుదరదన్నాడు. ఆమె కోపగించుకోలేదు, పక్కంగడికి పోయింది. రానురాను మిగతావాళ్లూ అటే పోయినారు.

కొన్నాళ్లు ఓర్చుకుని, నాయన మళ్లీ కవర్ల కట్ట తెచ్చి తక్కెడ పక్కన తగిలించినాడు. దగ్గర్లోని కామసముద్రం నుంచి ఇంకో ఆవును తోలుకొస్తానని ఆయన అన్నప్పుడు, అమ్మ ఆ కట్టవైపు చూసి అడిగింది.

"తెచ్చి యాడ మేపుతావు?"

మా ఇంట్లో మళ్లీ పాడి లేదు.