గోదారికిచ్చిన రెండో పడవ

నా మూలంగా ఒక కుటుంబం ఊరు విడిచింది. పద్దెనిమిదేళ్లుగా ఆ సంగతి నా ఒక్కడికే తెలుసు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు గనక మీకు చెప్పగలుగుతున్నాను.

గోదారి మీద ఆనకట్ట కట్టిన కొత్తలో, కాలువల పని చూసే దొరగారికి నేను దుబాసీని, ఆయన ఇంగ్లీషు మనవాళ్లకీ మనవాళ్ల తెలుగు ఆయనకీ చేర్చేవాణ్ణి. పడవల నమూనాలు చేయించి అద్దాల బీరువాలో దాచుకోవడం ఆయన సరదా. కపిలేశ్వరపురం రేవులో దొరగారి కింద పడవలు కట్టే వీరన్నకు, మన ధాన్యప్పడవను మూరెడు పొడవున, చుక్కాని, తెరచాప సహా చెయ్యమని నేనే పురమాయించాను. అలాంటిది ఇంకెవరి దగ్గరా ఉండకూడదని దొరగారి షరతు.

వీరన్న పాకకు తడిక బిగించాడు. నేను వెళితే పనిమీద గుడ్డ కప్పేవాడు. ఎందుకు? కాకినాడలో మరో దొర ఇలాంటివి కొంటున్నాడని విన్నాను. ఆ తరవాత వీరన్న నవ్వులో కూడా నాకు బేరమే కనిపించింది. ఒకరోజు వాడు స్నానానికి వెళ్లినప్పుడు గుడ్డ ఎత్తాను. రెండు పడవలు. అచ్చం ఒకేలా ఉన్నాయి.

వీరన్నను రెండు పడవలతో సహా దొరగారి ఎదుట నిలబెట్టి, రెండోది ఎవరికని అడిగాను.

“గోదారమ్మకండీ. నీళ్లు తాకని పడవ కడితే మా ఇంటికి కీడండీ. దొరగారిది బీరువాలోకి పోద్ది కదండీ, అందుకని దాని జతని గోదాట్లో వదులుతామండీ. పూర్తయ్యేదాకా అది ఎవరి కంటా పడకూడదండీ. ఆయ్, అమ్మని ఎగ్గొట్టి ఎక్కడికి పోతాం దుబాసీగారూ, రోజూ ఆవిడ మీదే కదండీ మన తిరుగుడు!”

ఏమంటున్నాడని దొరగారు నన్ను చూశారు.

“ఏదేదో అంటున్నాడు గాని జవాబు చెప్పలేకపోతున్నాడు” అన్నాను ఇంగ్లీషులో.

వాడిది అబద్ధమని నమ్మే అన్నానా? అవుననే అనుకుంటాను. కాని అబద్ధమైనా దొరగారికి చేర్చడమే కదా నా పని, తీర్పు చెప్పడానికి నేనెవర్ని? దొరగారు ఒక పడవ ఉంచుకుని రెండోది వాడి ముందు పడేశారు. ఆ పూటే రేవు పనిలోంచి తీసేశారు. దొర తీసేసినవాణ్ణి చుట్టుపక్కల ఎవరూ పనిలో పెట్టుకోలేదు.

మూడోనాడు పొద్దున్నే రేవులో వీరన్న కనిపించాడు. నడుంలోతు నీళ్లలో నిలబడి, పసుపు రాసిన ఆ పడవను రెండు చేతులా వదిలాడు. గట్టుమీద భార్య దండం పెడుతోంది. అమ్ముకునేవాడు చేసే పనేనా అది?

దొరగారి డేరా అక్కడికి వంద అడుగులు. ఒక్క మాట చెబితే సరిపోయేది. కాని మాట మింగిన దుబాసీని ఎవరు ఉంచుకుంటారు? నేను ఇంటికి వెళ్లి భోంచేశాను.

వాళ్లు కోరంగి వైపు పోయారని తరవాత విన్నాను. వెతకలేదు. వెతికితే దొరుకుతారేమోనని భయం.

వీరన్న నిజం చెప్పాడు. నేను దాచాను. మొదట అనుమానంతో, తరవాత తెలిసే. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రాశాను. అంతే.