ఫ్రమ్ అడ్రస్

జైల్లో చదువు చెప్పడానికి వెళ్లింది సేవ చేద్దామని కాదు. నిజం చెప్పాలంటే ఇంట్లో ఉండలేక వెళ్లాను. నేను రిటైరయిన ఏడాదే మా ఆవిడ పోయింది. కరీంనగర్‌లో రెండు గదుల ఇల్లు, ఒక్కడి వంట, పొద్దున వండిన పప్పే రాత్రికి కూడా. టీవీ పెట్టేది చూడ్డానికి కాదు, ఇంట్లో ఏదో ఒక గొంతు వినపడాలని. అలాంటప్పుడు తెలిసినాయన ఒకరు, జైల్లో అక్షరాలు నేర్పేవాళ్లు కావాలట అన్నారు. మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

వేలిముద్ర వేసి లోపలికొచ్చినవాడు సంతకం పెట్టి బయటికి పోవాలన్నది అక్కడి పద్ధతి. చదువొస్తే మళ్లీ తప్పు చేయడని అధికారుల నమ్మకం. నాకు అంత నమ్మకం లేదు. ముప్పై ఏళ్లు బడిలో పనిచేసినవాణ్ని, చదువొచ్చిన దొంగల్ని బయట బోలెడుమందిని చూశాను.

నాకు కోపమెక్కువ. చాక్‌పీసు విసరడం పాత అలవాటు. మొదటి వారంలోనే, వెనక వరసలో కునికిపాట్లు పడుతున్న ఒకతని మీదికి విసిరాను. నలభై ఏళ్ల మనిషి. క్లాసు జరిగే వరండాలో అందరూ అతని వైపు తిరిగారు. కొడతాడేమో అనుకున్నాను. అతను లేచి, కిందంతా వెతికి, చాక్‌పీసు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇరిగింది సారు. రెండు ముక్కలే దొరికినయ్," అన్నాడు.

మర్నాటి నుంచి ముందు వరసలో కూర్చున్నాడు.

అతనిది హుస్నాబాద్ పక్కన పల్లె. కూలికని ఊరు విడిచి వచ్చి, ఒక దోస్తుతో కలిసి పొలాల దగ్గర మోటార్లలో రాగితీగ దొంగిలించి దొరికాడు. దోస్తు ముందే బయటపడ్డాడు. ఊళ్లో భార్య బీడీలు చుడుతుంది, ఎనిమిదేళ్ల కూతురుంది. భార్య ఐదో తరగతి దాకా చదివిందని గొప్పగా చెప్పేవాడు. ఆమెకు సొంత చేత్తో ఉత్తరం రాయాలని అతని కోరిక. నాలుగు నెలల్లో ఒత్తులు కూడా పట్టుబడ్డాయి.

ఉత్తరం రాసిన రోజు, ఫ్రమ్ అడ్రస్ రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశాడు.

"గది రాయకుంటే నడువదా సారు?"

"ఎవరు రాసిండో, ఎక్కడి నుంచి రాసిండో తెల్వకుంటే అదేం ఉత్తరం? బడిల ఇట్ల రాస్తే సున్నా వేసేవాణ్ని. రాయి!" అని గద్దించాను. జైలు అడ్రసు నేనే చెప్పి రాయించాను. రాత కుదిరిందని మెచ్చుకున్నాను కూడా. ఎందుకు వద్దంటున్నావని మాత్రం అడగలేదు.

రెండు వారాల తర్వాత అతను క్లాసుకు రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే గోడవార కూర్చుని ఉన్నాడు. భార్య ములాఖత్‌కు వచ్చి పోయిందట. మెల్లగా విషయం చెప్పాడు. భర్త దుబాయ్ పోయాడని ఆమె ఊరంతా చెప్పుకుంది. ఆ వాడలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పోస్టు తెచ్చే అతను ఉత్తరాలన్నీ బీడీల ఖార్ఖానా దగ్గరే పంచుతాడు. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి వచ్చిన ఆడవాళ్లలో ఒకామె మా ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి, అడ్రసు పైకి చదివింది.

"'గిన్ని నెలలు నేనొక్కదాన్నే కడుపుల దాసుకున్న. నువ్వు ఒక్క కాయితంతోని నా ఇజ్జత్ తీసినవ్' అన్నది సారు. పోరిని తీస్కొని ఖానాపూర్ పోయింది, తల్లిగారింటికి."

"ముందే నాకెందుకు చెప్పలే?"

"మీరు కోపానికొస్తరని."

జీవితంలో ఎప్పుడూ విద్యార్థికి తప్పు ఒప్పుకోలేదు నేను. ఆ రోజు అతని పక్కన నేల మీద కూర్చుని, తప్పు నాది అన్నాను. ఖానాపూర్ వెళ్లి ఆమెతో నేనే మాట్లాడతానన్నాను.

"వద్దు సారు, మీరు పోవద్దు. నేనే రాస్త. ఆమె రానిస్తే ఇల్లు. రానియ్యకుంటే మా దోస్తు బండేస్కొని గేటు కాడ నిలబడ్తడు. ఇప్పటికే రెండుసార్లు కబురు పంపిండు. ఇగ వానెన్కనే పోవుడు."

వారానికొకటి రాశాడు. ఫ్రమ్ అడ్రస్ ఇప్పుడు తనంతట తనే రాసేవాడు, దాచడానికి ఇంకేముందని. ఏం రాస్తున్నాడో నేను చూడలేదు, తప్పులు దిద్దుతానని కూడా అనలేదు. జవాబు ఒక్కటీ రాలేదు.

ఒక సోమవారం వెళ్లేసరికి అతని చోటు ఖాళీ. ముందు రోజే విడుదలయ్యాడట. గేటు దగ్గర ఎవరైనా బండితో నిలబడ్డారా అని వార్డర్‌ను అడిగాను. ఆ పూట తన డ్యూటీ కాదన్నాడు.

అప్పటి నుంచి కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా ముందు వాళ్ల మొహాలు చూసేవాణ్ని. అతను కనిపించకూడదని భయపడుతూ చూసేవాణ్ని. ఒకటి రెండుసార్లు మాత్రం, కనిపిస్తే బాగుండునని కూడా అనిపించింది. ఇంటికొచ్చి, ఇంత పాడు బుద్ధి ఎలా పుట్టిందని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ ఆ ఇంట్లో, ఆ పప్పు ముందు కూర్చుంటే అలాంటివే తోస్తాయి.

ఏడాది దాటాక, చుట్టాల పెళ్లికి వెళ్లి తిరిగొస్తూ నిర్మల్ బస్టాండులో అతన్ని చూశాను. పక్కన చీర కొంగు నెత్తి మీద కప్పుకున్న ఒకామె, స్కూలు బ్యాగుతో ఒక పాప, అత్తగారి వైపు మనుషుల్లా ఉన్న మరో ఇద్దరు. పిలవబోయాను. అప్పుడే అతనూ నన్ను చూశాడు. చేయి సగం లేచింది. పక్కవాళ్ల వైపు ఒకసారి చూసి దించేశాడు.

"ఎవలు బాపూ?" అంది పాప.

"ఎవలో బిడ్డా, నాకెర్కలేదు. మన బస్సొచ్చింది, నడువు."

నేను చూపు తిప్పుకుని, అక్కడున్న బస్సుల టైములు చదువుతున్నట్టు నిలబడ్డాను. ఖానాపూర్ బస్సు కదిలిపోయేదాకా వెనక్కి తిరగలేదు.

చదువు చెప్పిన పిల్లలు ఎక్కడ కనిపించినా దండం పెట్టాలని ఆశపడేవాణ్ని నేను. పెట్టకుండా పోతే ఇంటిదాకా సణుక్కుంటూ వచ్చేవాణ్ని. ఆ రోజు కరీంనగర్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఏడుపొచ్చింది. సంతోషంతోనే, ఆమె రానిచ్చిందని. ఇంటికి చేరాక ఆ మాట చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ లేరు.